అమెరికా నిర్మాతకి పదిహేను నిమిషాలు

శనివారం మధ్యాహ్నం నాలుగింటికి మా తెలుగు గంట. మెల్బోర్న్‌లో ఒక కమ్యూనిటీ రేడియో వాళ్ళు వారానికి ఒక గంట మనకిచ్చారు. ఏడేళ్ళుగా అక్కడ బటన్లు నొక్కే పని నాది, మైకులో మాట్లాడే పని మా అన్నది. సొంత అన్న కాదు. నల్గొండ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, ఈ కార్యక్రమం మొదలుపెట్టిందే ఆయన. గొంతు బంగారం. గడియారం చూసే అలవాటు మాత్రం లేదు.

ఆ గంటలో సగం పుట్టినరోజు శుభాకాంక్షలకే పోతుంది. పోనీ పిల్లవాడి పేరు చెప్పి ఊరుకుంటారా? అమ్మానాన్నలు, తాతయ్యలు, నానమ్మ, బాబాయిలు, పిన్నులు, డల్లాస్‌లో ఉన్న మేనత్త, ఆవిడ భర్త, అందరి పేర్లూ చదవాలి. ఒకసారి ఎవరిదో చిన్న మేనమామ పేరు ఎగిరిపోయింది. ఆ కుటుంబం ఇప్పటికీ గుడిలో కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది, కానీ నోరు లేవదు.

ఇయర్ టెన్, అంటే పదో తరగతి, చదువుతున్న మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లోనే. బతిమాలాను, తిట్టాను, తెలుగు బడికి ఈడ్చుకెళ్ళాను. లాభం లేకపోయింది. అలాంటిది నిరుడు క్రాన్‌బర్న్‌లో పాత సామాన్లమ్మే ఆప్ షాపు నుంచి ఒక గ్రామఫోన్ రికార్డు కొనుక్కొచ్చింది. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఒక అమెరికన్ నిర్మాత పేరుంది. అదే పేరు తనకిష్టమైన ఇంకో మూడు రికార్డుల మీదా, చివరికి ఒక సినిమా టైటిల్స్‌లోనూ దొరికింది. ఇక పట్టుకుంది. రికార్డుల కొట్లో గుమాస్తాగా మొదలై, స్టూడియోలో అద్దం వెనక రికార్డింగు నడిపించే కుర్చీలోకి చేరి, ముక్కూమొహం తెలియని గాయకుల్ని నిలబెట్టి, తర్వాత సినిమాలు తీసిన మనిషి. ఎంత పెద్ద స్టారైనా సరే, పాట సాగదీస్తుంటే బటన్ నొక్కి ఆపేసేవాడట. మా అమ్మాయికి నచ్చింది అదే.

ఇదంతా మన రేడియోలో తెలుగులో చెప్తావా అని ఊరికే అడిగాను. ఓకే అంది. నేను నమ్మలేదు.

మూడు వారాలు కూర్చుంది. ఒక్కో వాక్యం ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని, తప్పు పలికినప్పుడల్లా పళ్ళు నూరుకుని, మళ్ళీ మొదటి నుంచి చదివి, నా ఫోన్లో పదిహేను నిమిషాలు రికార్డు చేసింది. స్కూల్లో స్నేహితులకీ చెప్పుకుంది. అది ఒక్కసారి రేడియోలో వస్తే చాలు, ఈ పిల్ల తెలుగు వదలదని నా ఆశ. ఆ ఆశతో నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

మొదటి వారం క్రికెట్ క్లబ్బు వాళ్ళొచ్చారు. రెండో వారం బతుకమ్మ ప్రకటనలు. మూడో వారం ఎవరిదో షష్టిపూర్తి. ప్రతిసారీ అన్న మైకు ఆపి, "తమ్మీ, ఏమనుకోకు. వచ్చే వారం పక్కా. ఆ అమెరికాయన యాడికి పోతడు?" అనేవాడు. ఇంటికొచ్చి ఆ వచ్చే వారం కబురే నేను అమ్మాయికి చెప్పేవాణ్ణి. మొదటి రెండుసార్లు "వాటెవర్, డాడ్" అంది. మూడోసారి నేను చెప్తుండగానే తన గదిలోకి వెళ్ళిపోయింది.

నాలుగో శనివారం తనని స్టూడియోకి తీసుకెళ్ళి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. నాలుగుంబావుకి వేసి తీరాలని అన్న చేత ఒట్టు వేయించుకున్నాను. అప్పుడు ఊడిపడ్డాడు ఇక్కడి మన తెలుగు సంఘం ప్రెసిడెంటు. రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతానన్నాడు. మనవాళ్ళ రెండు మాటలు ఎంత పొడుగుంటాయో నాకు తెలియదా? దీపావళి మేళాకి కార్లు ఎక్కడ పెట్టాలో చెప్పాడు, సమోసాలు ఎవరు చేయిస్తున్నారో చెప్పాడు, ఆ పైన వాళ్ళ నాన్నగారి గొప్పతనం అందుకున్నాడు. నాలుగున్నరైంది. పావు తక్కువ ఐదైంది. ఆయన మైకు ఆపే బటన్ మీద నా వేలుంది. నొక్కితే చాలు, మిగతాది అన్న సర్దేస్తాడు. అమ్మాయి నా వేలు వైపే చూస్తోంది. నేను నొక్కలేదు. పెద్దమనిషి, రేపు గుడిలో ఎదురుపడాలి, ఏమనుకుంటాడో! నా పిరికితనానికి నా చెంపలు నేనే వాయించుకోవాలి.

నాలుగూ యాభై ఆరుకి ఆయన నమస్కారం పెట్టాడు. హడావుడిగా అమ్మాయి రికార్డింగు వేశాను. స్పీకర్లోంచి వస్తున్న తన గొంతుతో పాటు పెదాలు కదుపుతూ నిటారుగా కూర్చుంది. ఐదు కొట్టగానే స్టేషన్ కంప్యూటరు దానంతటదే తర్వాతి కార్యక్రమానికి మారిపోతుంది. ఆ అమెరికా నిర్మాత స్టూడియోలో మొదటిసారి అడుగుపెట్టిన రోజు గురించి చెబుతుండగా వాక్యం మధ్యలో తెగిపోయింది. వేరే భాషలో వార్తలు మొదలయ్యాయి.

కారెక్కాక నేను అందుకున్నాను. ప్రెసిడెంటుకి బుద్ధి లేదు, అన్నకి గడియారం లేదు, మన జనం ఈ జన్మకి మారరు. క్లేటన్ దాటేదాకా తిడుతూనే ఉన్నాను. అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ అంతా వింది. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు నా వైపు తిరిగింది. ఎవరూ అడగకుండానే, తెలుగులో మాట్లాడింది.

"నాన్నా, బటన్ నీ దగ్గరే ఉంది కదా?"