హారన్ బాబాయి పెట్టిన బొమ్మల కొలువు

బస్సు నడిపినన్నాళ్లూ ఆయన నోరే రెండో హారన్. అందుకే వీధిలో చిన్నా పెద్దా అంతా ఆయన్ని హారన్ బాబాయి అనేవారు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే, భార్య చేసే ప్రతి పనికీ సలహా చెప్పడం. ఆవిడ వీధి మొత్తానికీ పిన్ని.

ఆ ఏడు దసరా ముందు పిన్ని స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. "ఈసారి బొమ్మల కొలువు లేదులెండి" అని తేలిగ్గానే అంది గానీ, అటకమీది బొమ్మల పెట్టెవైపు చూసిన చూపు బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి నిచ్చెన వేశాడు.

"మీకెందుకండీ ఈ తంటా?"

"బస్సునిండా జనాన్ని సర్దినవాణ్ణి, బొమ్మల్ని సర్దలేనా?"

బల్లలు మెట్లుగా పేర్చి తెల్లపంచె పరిచాడు. పిన్ని కుర్చీలో కూర్చుని చెప్పింది: కలశం, అమ్మవారు, దేవుళ్లు పైమెట్టున; పెళ్లివారు, సంతలోవాళ్లు కిందన. పెట్టెలోని మట్టిబస్సు బొమ్మను మాత్రం ఆయన అమ్మవారి పక్కనే నిలబెట్టాడు. దించమంటే, "ఇన్నేళ్లు అన్నం పెట్టిందే!" అని మొండికేశాడు.

పిన్ని మందు వేసుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు, ముసలి దంపతుల బొమ్మల్లో తాత చేయిజారాడు. తల ఊడింది. ఆ జంట పిన్నికి వాళ్లమ్మ ఇచ్చింది. బాబాయి లోపలి గుమ్మంవైపు ఓసారి చూశాడు. గబగబా జిగురు రాసి అతికించాడు. కంగారులో మెడ కాస్తా పక్కకు తిరిగిపోయింది.

సాయంత్రం పేరంటాళ్లు వచ్చారు. పిన్ని ఎడమచేత్తోనే బొట్టు పెడుతుంటే, బాబాయి వెనకాలే తాంబూలాల పళ్లెం మోశాడు. హారతి అయ్యాక ఎదురింటి టీచరమ్మ వంగి చూసి, "పిన్నీ, తాతేంటి ఇటు తిరిగాడు?" అంది.

పిన్ని బాబాయివంక చూసింది. ఆయన తాంబూలాల పళ్లెం కింద పెట్టాడు.

"నా చేతిలోంచే పడిందే... అతికించాను" అన్నాడు చివరికి, నేలచూపులు చూస్తూ.

పిన్ని బొమ్మను దగ్గరికి తీసుకుని చూసింది. మళ్లీ అవ్వ పక్కన పెట్టింది. తాత చూపు తిన్నగా అవ్వ చెంపమీద వాలింది. పిన్నికి నవ్వాగలేదు.

"పోనీలెండి. మా అమ్మ ఇచ్చిన నాటినుంచీ ఈయన ఆవిడవంక చూసిన పాపాన పోలేదు. ఇప్పటికి బుద్ధొచ్చింది!"

పేరంటాళ్లు గొల్లుమన్నారు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి.

పండుగ వెళ్లాక బొమ్మలు సర్దుతూ, "మెడ సరిచేయించనా?" అని మెల్లగా అడిగాడు.

"ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది పిన్ని. ఆ ఇద్దరినీ ఒకే పాతచీర ముక్కలో చుట్టించి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టించింది.