కీచురాళ్ళకు పొగపెట్టిన రోజు

అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. ఏదైనా నవ్వొచ్చే సంగతి రాయమన్నారు. నా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది, దాని చివర ఒక చావు ఉంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టొద్దు.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తా వెనక సందులో మా ఇల్లు. మనిషెత్తు ప్రహరీ, రేకు గేటు, పెరట్లో వేపచెట్టు, దాని కింద మా ఆవిడ మల్లమ్మ బర్రె. పొలాలన్నీ ప్లాట్లయ్యాక సందు మొత్తానికి మిగిలిన బర్రె అదొక్కటే. నిండు చూలుతో ఉంది, వారంలో ఈనేది. మల్లమ్మ నాకు అన్నం పెట్టడం మరిచేది గానీ దానికి కుడితి పెట్టడం మరిచేది కాదు.

పై వాటాలో కిరాయికి ఉండేది గుంటూరు వైపు నుంచి వచ్చిన వెంకటరత్నం. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. ఆయన కూతురికి ఎంసెట్ దగ్గరపడింది. ఎండలు ముదిరి మా వేపచెట్టు నిండా కీచురాళ్ళు. పొద్దెక్కితే చాలు, ఊళ్ళోని రంపపు మిషన్లన్నీ మా చెట్టెక్కినట్టు ఒకటే కోత.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం ఆయన కిందికి దిగివచ్చాడు.

"పెద్దాయన గారూ, ఏమీ అనుకోకండి. ఈ మోతకి పిల్లకి ఒక్క ముక్క ఎక్కట్లేదండి. ఆ కొమ్మలు కాస్త కొట్టించేస్తే..."

మామూలు రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. అప్పట్లో ఆయన మంచినీళ్ళు అడిగినా నాకు మా వాళ్ళు, మీ వాళ్ళు అనే వినబడేది.

"కొమ్మ ముట్టేది లేదు సార్. మీకు పురుగులు పోవాలె, గంతేగా? నేను పంపిస్త" అన్నాను.

బంద్ రోజు చౌరస్తాలో టైర్లకు కొదవా? ఇంకా అంటించనిదాన్ని ఒకదాన్ని దొర్లించుకుంటూ వచ్చాను. మల్లమ్మ గడపలో నిలబడి చూసింది.

"పైన తేనెతుట్టె ఉన్నది. కండ్లు కనవడ్తలేవా?"

"అవి మంచియి. ఎవల జోలికి పోవు."

నిజమే, అంతవరకూ పోలేదు. కిరసనాయిలు పోసి అంటించాను. నల్లటి పొగ చెట్టెక్కింది. కీచురాళ్ళు టక్కున ఆగాయి. నేను వెంకటరత్నం వైపు చూసి మీసం తిప్పాను. పొగ చూసి, ఉద్యమం మా పెరట్లోకే వచ్చిందనుకుని సందు చివర్నుంచి నలుగురు యువకులు నినాదాలిస్తూ వచ్చారు. సరిగ్గా అప్పుడే తుట్టె లేచింది. వాళ్ళు నినాదాన్ని సగంలో వదిలేసి మాయమయ్యారు. తేనెటీగలకు లోకల్, నాన్‌లోకల్ తేడా లేదు. వెంకటరత్నాన్నీ నన్నూ సమానంగా చూశాయి. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని గేటు దాటాం.

ఇక నా తెలివి వినండి. బర్రె రోడ్డెక్కి ఏ బస్సు కింద పడుతుందోనని, గేటు దాటిన ప్రతిసారీ బయట గొళ్ళెం పెట్టడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. పెట్టాను. పెట్టి, ఈగలు వెంటపడకుండా గేటుకు వీపు ఆనించి నిలబడ్డాను. అవి మెడ మీద కుడుతూనే ఉన్నాయి. ఇవి ముందే బయటికొచ్చిన ఈగలు కాబోలు అనుకున్నాను. ఎగిరే పురుగుకు గేటు అడ్డమా అని మీరడుగుతారు. మీరు చదువుకున్నవాళ్ళు.

లోపల మల్లమ్మ గొంగడి కప్పుకుని వెళ్ళి పలుపు విప్పింది. బర్రె నేరుగా వచ్చి గేటును గుద్దింది. నేను ఇంకా గట్టిగా ఆనాను.

"గేటు తియ్యి" అంది మల్లమ్మ.

"తీస్తె ఈగలొస్తయి."

"ఈగలు కాదు. బర్రె."

అప్పటికి గుద్దడం ఆగింది.

గొళ్ళెం తీస్తే గేటు సగమే తెరుచుకుంది. అడ్డంగా అది పడివుంది. వెంకటరత్నం ఒక కన్ను వాచి మూసుకుపోయినా రెండో కంటితో చూసుకుంటూ పశువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. దారులన్నీ బంద్, రాలేనన్నాడు డాక్టరు. వెంకటరత్నమూ ఆయన కూతురూ తడి గోనెసంచులు తెచ్చి కప్పారు. పొద్దు గూకకముందే బర్రె పోయింది. కడుపులో దూడ ఇంకాసేపు కదిలింది. అది ఆగేదాకా మల్లమ్మ అక్కణ్ణుంచి చెయ్యి తీయలేదు.

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఒకే మాట అంది.

"గేటు మంచిదే ఏయించినవ్. అంత గుద్దినా ఒంగలే."

కాబట్టి మీ అందరి ముందు ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఎంత ఆపద వచ్చినా ముందు పశువును బయటికి పంపి, ఆ తర్వాతే నేను పరుగెత్తుతాను. మల్లమ్మ మళ్ళీ బర్రెను తెచ్చుకోలేదు. అందుకని నా ఒట్టు ఒక్కసారి కూడా తప్పే భయం లేదు.