గులాబీ టోపీ, ఎడమ మోకాలు

మా చెస్టర్ బాబాయ్ ఇరవై రెండేళ్లపాటు ఏటా ఒక ఆటగాడిని చూపించి "వీడు గొప్పవాడవుతాడు, రాసిపెట్టుకోండి" అన్నాడు. ఇరవై రెండుసార్లూ తప్పాడు. గుడ్డిగా వేలు పెట్టినా ఏ నాలుగైదుసార్లో తగలాలి కదా! తగల్లేదు. ఇంత నికార్సుగా తప్పు చెప్పగలవాడు మా బఫెలో ఊరి మొత్తంలో ఇంకొకడు లేడని నేను బల్లగుద్ది చెబుతాను.

చెస్టర్ నోవిట్‌స్కీ మా నాన్నతో కలిసి కార్ల సీట్లు కుట్టే కార్ఖానాలో పనిచేశాడు, అందుకని నాకు బాబాయ్. డెబ్బై నాలుగేళ్లు, తల గుమ్మడికాయంత, పొట్ట దానికి తగ్గట్టు. నా పేరు జెరీ, స్కూలు బస్సు నడిపేదాన్ని. పాతికేళ్లుగా అరవైమంది పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు ఇలా అయింది, కాబట్టి నేను మామూలుగా మాట్లాడినా తిట్టినట్టుంటుంది. ఏమీ అనుకోకండి.

మేమంతా చేరేది క్లింటన్ వీధిలో డొలొరెస్ బార్లో. ఏప్రిల్ చివర మా అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద టీములన్నీ కాలేజీ కుర్రాళ్లను ఏడు వంతుల్లో ఏరుకుంటాయి. మొదటి వంతులో పోయినవాడు రాజకుమారుడు. ఏడో వంతులో పోయినవాడి పేరు వాళ్లమ్మకి తప్ప ఎవరికీ గుర్తుండదు. శనివారం మధ్యాహ్నానికి ఏరుడు ముగుస్తుంది, అప్పుడు మా పండగ మొదలవుతుంది. మా ఊరి టీమ్ తెచ్చుకున్న కుర్రాళ్లలో ఒక్కొక్కరు ఒక్కొక్కడిని పంచుకుంటాం. ఎవరి కుర్రాడి తరఫున వాళ్లు కుర్చీ ఎక్కి రెండు నిమిషాలు మాట్లాడాలి. గుడ్లు ఉడకబెట్టే గడియారం డొలొరెస్ చేతిలో ఉంటుంది. అది మోగాక ఇంకొక్క మాట మాట్లాడితే నెత్తిన తడిగుడ్డ పడుతుంది.

ఆ రోజు నుంచీ ఆ కుర్రాడు మనవాడు. వాడు బంతి జారవిడిచినా, బురదలో పడినా వెనకేసుకురావాల్సింది మనమే. ఆగస్టు చివర టీమ్‌వాళ్లు తొంభైమందిలో యాభై ముగ్గురిని ఉంచుకుని మిగతావాళ్లను ఇంటికి పంపేస్తారు. దాన్ని మేం కోతరోజు అంటాం. ఆ రోజు ఎవరివాడు పోతే వాళ్లు ఆ ఏడాది ఆటలన్నింటికీ గులాబీ రంగు ఊలు టోపీ పెట్టుకోవాలి. డొలొరెస్ అత్తగారు ఏ మనవరాలికో అల్లిన టోపీ అది, పైన కుచ్చు కూడా ఉంది. చెస్టర్ తల మీద అది గుమ్మడికాయ మీద పెట్టిన నిమ్మకాయలా ఉండేది. ఆ ఇరవై రెండేళ్లలో ఇంకెవరి తలా ఎక్కలేదు.

ఆయన ఏరుకునేవాళ్లని చూస్తే మీకే నవ్వొస్తుంది. ఒక ఏడు బంతిని తన్నేవాడొకణ్ణి పట్టుకున్నాడు. ఆ మహానుభావుడు కాలేజీలో గోలు వైపు తంతే బంతి వెళ్లి బ్యాండు మేళంలో బాకా ఊదేవాడి నెత్తిన పడింది.

"బాకావాడు కదులుతున్నాడా లేదా?" అన్నాడు చెస్టర్ కుర్చీ మీంచి. "గోలు కదలదు. కదిలేదాన్నే కొట్టినవాడికి కదలనిదొక లెక్కా?"

ఇంకో ఏడు, డాక్టరు సూది చూసి కళ్లు తిరిగి పడిపోయినవాణ్ణి ఎంచుకున్నాడు. "ఎంత హాయిగా పడ్డాడో చూశారా? ఒక్క దెబ్బ తగిలిందా? అలా పడటం ఒక కళ!"

"ఏమయ్యా చెస్టర్," అంది డొలొరెస్, "ఆ పడినవాణ్ణి నలుగురు మోసుకెళ్లారు."

"అదీ చెప్పు! పడుకుని కూడా నలుగురికి పని పెట్టాడు."

పైగా ఎంచుకున్న వారంలోనే ఆ కుర్రాడి పేరు వీపు మీద కుట్టిన చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. అంగట్లో దొరికేది కాదది. ఏడో వంతువాడి పేరుతో చొక్కా ఎవడు అమ్ముతాడు? సీట్లు కుట్టిన చెయ్యి కదా, తనే కుట్టుకునేవాడు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఒంటి మీంచి తీసేవాడు కాదు. కోతరోజు తర్వాత ఆ చొక్కా మళ్లీ కనబడేది కాదు. సిగ్గుతో తగలబెట్టేస్తున్నాడని మేం అనుకునేవాళ్లం.

కిందటేడు ఏప్రిల్లో రాల్ఫ్‌కి ఓపిక నశించింది. రాల్ఫ్ ముస్కరెల్లా రిటైరైన పోస్టుమ్యాను. ఆటగాళ్ల బరువు, పొడుగు, పరుగు అన్నీ అట్టముక్కల మీద రాసుకుని రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకుంటాడు.

"ఒరేయ్ చెస్టర్, ఇంక చాలు," అన్నాడు. "నీవల్ల మా చర్చకి విలువ లేకుండా పోతోంది. ఈసారి కూడా తప్పావో, ఆ స్టూలు ఖాళీ చెయ్. పాటల పెట్టె పక్కన కూర్చుని పల్లీలు ఒలుచుకో. ఆటగాళ్ల గురించి ఇక నోరెత్తకూడదు."

ఆ స్టూలు బీరు కుళాయి నుంచి మూడోది. దాని మీద ఎర్రతోలు చెస్టరే కుట్టాడు. భార్య పోయిన మర్నాడు కూడా వచ్చి దాని మీదే కూర్చున్నాడు, మేమంతా చుట్టూ చేరి ఒక ఆటగాడి గురించి సాయంత్రం దాకా ఆయనతో పోట్లాడాం. ఆయనకి ఉన్నది ఆ స్టూలూ, ఈ నోరూనూ.

"సరే," అన్నాడు చెస్టర్.

నాకు ఒళ్లు మండింది. పక్కకి లాక్కెళ్లాను. "బాబాయ్, ఈసారి అందరికన్నా ముందు నిన్నే ఏరుకోమంటాను. మొదటి వంతువాణ్ణి తీసుకో. వాణ్ణి కోయరు, భూకంపం వచ్చినా కోయరు. స్టూలు దక్కుతుంది."

"వాడికి నేనెందుకే?" అన్నాడు. వెళ్లి కుర్చీ ఎక్కి, ఏడో వంతులో వచ్చిన ఆర్లో టీడెమన్ పేరు చెప్పాడు. అయోవాలో ఎవరూ వినని కాలేజీ, నూట నలభై కిలోల మనిషి. టీవీలో వాడి గురించి చూపించిన ఒకే ఒక్క ముక్కలో వాడు సొంత టీమ్‌వాడి మీదే పడ్డాడు.

"పరిగెత్తలేడు, ఒప్పుకుంటాను," అన్నాడు చెస్టర్. "పరిగెత్తాల్సిన ఖర్మ ఎవరికి? వాణ్ణి దాటిపోవాలనుకునేవాడికి. వాడి చుట్టూ తిరిగి అవతలికి వెళ్లేసరికి ఆట ముగుస్తుంది."

"అలాగైతే ఒక గోడని తెచ్చుకోవచ్చుగా!" అని అరిచాడు రాల్ఫ్.

"గోడ తిరిగి తోస్తుందా?"

గడియారం మోగింది. ఆయన ఆగలేదు. తడిగుడ్డ పడింది.

నేను అయిదో వంతువాణ్ణి తీసుకున్నాను. కేడ్రిక్ బెల్‌ఫర్డ్, బంతి పట్టేవాడు. నా ఉపన్యాసం మాత్రం అదిరింది. "మా బస్సు కిటికీల్లోంచి పిల్లలు బూట్లు విసురుతారు, టిఫిన్ డబ్బాలు విసురుతారు, ఒకసారి తాబేలుని విసిరారు. ఈ కుర్రాడు కింద నుంచుంటే ఒక్కటి నేలమీద పడదు! ఆ చేతులు చేతులు కావు, ఉయ్యాలలు!" డొలొరెస్ గడియారం మోగించడం కూడా మర్చిపోయింది.

ఆగస్టు వచ్చింది. కోతరోజు పొద్దున చెస్టర్ ఫోన్ చేశాడు. "జెరీ, నా కారు కదలనంటోంది. స్టేడియం దాకా చిన్న పనుంది, దింపుతావా?"

వెళ్లేసరికి టీడెమన్ చొక్కా తొడుక్కుని, చేతిలో పెద్ద కాగితపు సంచీతో గుమ్మంలో ఉన్నాడు. సంచీలోంచి ఘుమఘుమలు. ఉప్పుగల్లు అద్దిన, మా ఊళ్లో వెక్ అనే బన్నులో పల్చగా కోసిన బీఫ్, మీద ముక్కు అదిరిపోయే ఘాటు ముద్ద.

"పిక్నిక్కా?"

"నడుపు."

ముందు గేటు దగ్గర టీవీవాళ్లు, జెండాలు, జనం. చెస్టర్ అటు చూడనైనా లేదు. వెనకాల చెత్తడబ్బాల పక్కన ఇంకో చిన్న గేటుంది, అక్కడికి తీసుకెళ్లమన్నాడు. కాపలా మనిషి ఈయన్ని చూసి టోపీ ఎత్తాడు. "వచ్చావా చెస్టర్? ఈ ఏడు ఆలస్యమైందేం?"

నేను ముక్కు మీద వేలేసుకున్నాను. "ప్రతి ఏడూ వస్తావా? ఎందుకు?"

"కోసేసినవాళ్లని ఈ గేటు నుంచి పంపుతారే. సామానంతా నల్ల చెత్తసంచీలో వేసుకుని వస్తారు. అప్పుడు ఆటోగ్రాఫ్ అడుగుతాను."

"ఎవర్ని?"

"నా వాణ్ణి. చిన్నప్పట్నుంచీ ఆడి ఇంతదూరం వచ్చినవాడు, ఒక్క సంతకమైనా పెట్టకుండా ఇంటికి పోతే ఏం బాగుంటుంది? బయటికి రాగానే తన పేరు వీపు మీద వేసుకుని ఒక ముసలాడు కనిపిస్తాడు. ముందు భయపడతాడు. తర్వాత నవ్వుతాడు. సంతకం పెడతాడు, శాండ్‌విచ్ తింటాడు, పోతాడు. ఇంట్లో ఇరవై రెండు చొక్కాలున్నాయి. ఒక్కటీ ఉతకలేదు."

నేను గొంతు తగ్గించి అడిగాను. నేను గొంతు తగ్గించడమంటే మా బస్సు పిల్లలెవరూ నమ్మరు.

"అయితే ఈ టీడెమన్ నెగ్గుతాడని నువ్వు నిజంగా..."

"ఎవడు, వాడా?" అన్నాడు చెస్టర్ అసహ్యంగా. "వాడి ఎడమ మోకాలు చూశావా? మెట్లు దిగేటప్పుడు కాలు పక్కకి వేస్తాడు. జూలై దాటడనుకున్నాను. అమ్మాయ్, ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా నేను పొరబడలేదు. పోయేవాడెవడో ఏప్రిల్లోనే పట్టేస్తాను."

మా బార్లో ఆటగాణ్ణి చూసి జాతకం చెప్పగలవాడు ఈయనొక్కడే అన్నమాట! ఆ మనిషి ఇన్నేళ్లూ కావాలని ఆ గులాబీ టోపీ పెట్టుకుని మా అందరిచేత వెధవనిపించుకున్నాడు.

"మరి స్టూలు?"

"పాటల పెట్టె పక్కన కుర్చీకి తోలు చిరిగింది. కుట్టుకుంటాను," అన్నాడు. కానీ ఆ మాట నా మొహం చూసి అనలేకపోయాడు.

గంట గడిచింది. నల్లసంచీలతో ఒక్కొక్కరే వచ్చారు. కొందరికి అన్నలొచ్చారు, కొందరికి ఏజెంట్లొచ్చారు, ఎక్కించుకుని వెళ్లిపోయారు. టీడెమన్ రాలేదు. చివరికి కాపలా మనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. "చెస్టర్, నీవాణ్ణి ఉంచుకున్నారయ్యా."

"కాదు. సరిగ్గా చూడు."

"ఆర్లో టీడెమన్. యాభై మూడోవాడు."

"మోకాలు చూశారా వాళ్లు? కళ్లున్నాయా వాళ్లకి?" చెస్టర్ గేటు పట్టుకుని ఊపేశాడు. "నా ఇరవై రెండేళ్ల రికార్డు! ఈ రెండు శాండ్‌విచ్‌లూ ఏం చెయ్యను?"

అప్పుడు ఇంకొకడు బయటికొచ్చాడు. పొడుగ్గా, సన్నగా, సంచీ భుజాన వేసుకుని. రోడ్డుకి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. కేడ్రిక్ బెల్‌ఫర్డ్. నావాడు.

చెస్టర్ ఒక్క క్షణంలో మళ్లీ చెస్టరయ్యాడు. చొక్కా విప్పి లోపలివైపు బయటికి తిప్పాడు. జేబులోంచి లావు పెన్ను తీసి, బరబరా బెల్‌ఫర్డ్ అని రాసి, నా మీదికి విసిరాడు. "తొడుక్కో. నీవాడేగా."

అది నాకు మోకాళ్ల దాకా వచ్చింది. పైన బనియనుతో, రోమాలతో, పొట్టతో చెస్టర్. పక్కన గుడారంలాంటి చొక్కాలో నేను. ఇద్దరం వెళ్లి నిలబడ్డాం. కుర్రాడు నిజంగానే భయపడ్డాడు.

"బాబూ, ఆటోగ్రాఫ్..." అన్నాను, వీపు తిప్పి చూపిస్తూ.

"నన్ను తీసేశారండీ," అన్నాడు నీరసంగా. "మీకు తెలీదేమో."

"తెలుసు! నోర్మూసుకుని విను!" అన్నాను. బస్సు గొంతు, ఏం చేయను, అదే వచ్చింది. ఏప్రిల్లో కుర్చీ ఎక్కి చెప్పిందంతా అక్కడ మళ్లీ చెప్పాను. బూట్లు, టిఫిన్ డబ్బాలు, తాబేలు, ఉయ్యాలలు. ఒక్క ముక్క వదల్లేదు. మధ్యలో ఏడుపొస్తే అరిచి కప్పేశాను.

వాడు నోరు తెరుచుకుని విన్నాడు. "తాబేలు కూడానా?" అన్నాడు.

"పట్టేవాడివా లేదా?"

"పట్టేవాణ్ణండీ," అన్నాడు, పకపకా నవ్వేశాడు. నా వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా సంతకం పెట్టాడు. రెండు శాండ్‌విచ్‌లూ తిన్నాడు, ఆ ఘాటుకి కళ్లనీళ్లు కారాయి. వాణ్ణి బస్ స్టేషన్ దాకా నేనే దింపాను. దారి పొడుగునా చెస్టర్, బనియనుతోనే, వాడు బంతి పట్టేటప్పుడు మోచేతులు ఎక్కడుంచాలో పాఠం చెప్పాడు.

తిరిగొస్తుంటే, "బార్లో అన్నావంటే చూడు," అన్నాడు చెస్టర్. "రాల్ఫ్ వచ్చి గేటు దగ్గర నుంచుంటాడు. తన అట్టముక్కలన్నీ చదువుతాడు. ఆ కుర్రాళ్లకి ఒక్కరోజులో అన్ని కష్టాలెందుకు?" మీరు కూడా రాల్ఫ్‌తో అనకండి.

బార్ తలుపు తీయగానే ఈలలు, చప్పట్లు. కబురు ముందే చేరింది. చెస్టర్‌ని నలుగురు ఎత్తుకుని మూడో స్టూలు మీద కూర్చోబెట్టారు, బనియనేమిటని ఎవరూ అడగలేదు. డొలొరెస్ గులాబీ టోపీ తెచ్చి నా తల మీద లాగింది. బిగుతు, దురద, పాత ఊలు వాసన. ఇరవై రెండేళ్లు ఎలా భరించాడో మహానుభావుడు.

రాల్ఫ్ వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. గర్వమంతా దిగిపోయింది. "ఒరేయ్ చెస్టర్, నిజం చెప్పు. దేశంలో ఎవడికీ తెలియలేదు. వాడు నిలబడతాడని నీకెలా తెలిసింది?"

చెస్టర్ బీరు ఒక గుక్క తాగి, మూతి తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు.

"ఎడమ మోకాలు చూశాన్రా," అన్నాడు.

నాకు బీరు ముక్కులోంచి వచ్చింది. రాల్ఫ్ మాత్రం రబ్బరు బ్యాండు తీసి, కొత్త అట్టముక్క మీద శ్రద్ధగా రాసుకున్నాడు: ఎడమ మోకాలు.