మంచు కొండ మీద మాట తప్పిన టీచర్ గారు

మా కింది ఇంటి టీచర్ గారు పోయారని నాకు వాచ్‌మన్ చెప్పాడు. తార్నాకలో ఒకే బిల్డింగ్‌లో తొమ్మిదేళ్లు ఉన్నాం. ఆవిడ ఇంటి పైకప్పే నా ఇంటి నేల. అయినా కబురు గేటు దగ్గర తెలిసింది. "పొద్దుగాల గుండె ఆగిపోయిందంట మేడం. మీకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు. చెప్పుకునే సంబంధం ఏడాదిగా మా మధ్య లేదు.

ఆవిడది గుంటూరు వైపు. స్కూల్లో ముప్పై ఏళ్లు జాగ్రఫీ చెప్పి రిటైరయ్యారు. బోర్డు మీద సుద్దముక్కతో హిమాలయాలను ఎన్ని వందలసార్లు గీశారో. మంచును మాత్రం ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. నేను యూనివర్సిటీ లైబ్రరీలో క్లర్కుని, మెదక్ వైపు పల్లె నుంచి వచ్చినదాన్ని. ఒకరోజు నన్ను ఆపి అడిగారు.

"ఏమ్మా, నాతో మంచుకొండలకు వస్తావా? ఒక్కదాన్నే అయితే మా అమ్మాయి పంపదు."

"నాతోని ఐతదా టీచర్ గారూ?"

"నడిస్తే అవుద్ది."

నాలుగు నెలలు నడిచాం. పొద్దున ఐదున్నరకు తార్నాక నుంచి క్యాంపస్‌లోకి, వీపు మీద బరువుతో. నా బ్యాగులో బియ్యం, ఆవిడ బ్యాగులో పాత జాగ్రఫీ పుస్తకాలు. కాలేజీ మెట్లు ఎక్కుతూ నా చేత ఆగకుండా మాట్లాడించేవారు. "మాట తెగిందా, ఊపిరి చాలట్లేదని అర్థం. ఆగు. సిగ్గేమీ లేదు" అనేవారు. తర్వాత హాస్టళ్ల వెనక రాళ్ల మీద కూర్చుని, రుమాల్లో కట్టి తెచ్చిన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పంచేవారు. చివరి కాయ ఎప్పుడూ నాకే. పద్దెనిమిదేళ్లు కౌంటర్ వెనక కూర్చున్న నా కాళ్లకు పని చెప్పింది ఆవిడే. అవి మంచి నెలలు. ఇంత కోపంలోనూ ఆ మాట కాదనలేను.

పోయిన ఏడాది వేసవిలో వెళ్లాం. అసలు ట్రెక్ మొదలయ్యే ముందు ఎత్తుకు ఒళ్లు అలవాటుపడాలని ఒక క్యాంపులో నాలుగు రోజులు ఉంచారు. పగలు పైకి ఎక్కించి, పడుకోవడానికి కిందికి దించేవారు. బూట్లకు ఇనుప ముళ్లు కట్టుకుని మంచులో నడవడం, జారితే చేతిలోని గొడ్డలి మంచులోకి దించి ఆగడం నేర్పారు. మొదటి రోజు టీచర్ గారు గ్లవుజు తీసి మంచు మీద అరచేయి ఆనించి, "తెలుపని చెప్పానమ్మా పిల్లలకి. లోపల నీలంగా ఉందే!" అన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం నాకు తల పగిలిపోయేంత నొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి అయింది. టెంట్‌లో ఆవిడ ఒక్కరే చూశారు.

"గైడ్‌కు చెప్పకుండ్రి టీచర్ గారూ. రేపటికి తగ్గుతది. చెప్తే పంపిచ్చేస్తరు. నా మీద ఒట్టు."

ఆవిడ నా నుదురు పట్టి చూశారు. "సరే, చెప్పనులే. పడుకో."

తెల్లారేసరికి గైడ్ మా టెంట్ ముందున్నాడు. నా వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాడు. నేల మీద గీత గీసి నడవమన్నాడు. తూలిపోయాను. ఇక కిందికి వెళ్లాల్సిందే అన్నాడు. ఎన్నిసార్లు వాంతి అయిందో కూడా అతనికి తెలుసు. నేను టీచర్ గారి వైపు చూశాను. ఆవిడ బూట్ల తాళ్లు కట్టుకుంటున్నారు.

"మీరు రారా?" అన్నాను.

"నువ్వు జాగ్రత్తగా దిగమ్మా" అన్నారు, తల ఎత్తకుండా.

క్యాంపు వంటమనిషి నన్ను చేయి పట్టుకుని దించాడు. ఒక మలుపు దగ్గర వెనక్కి చూస్తే, పైకి వెళ్లే వరసలో ఆవిడ ఎర్ర టోపీ కనిపించింది. కింది ఊళ్లో డాక్టర్, ఇంకొక్క రోజు పైనే ఉంటే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు. ఆవిడ గైడ్‌కు చెప్పడం సరైందేనని ఆ రోజే అర్థమైంది. నా కోపం అందుకు కాదు. చెప్పనని నమ్మించి, నన్ను ముక్కూ మొహం తెలియని మనిషికి అప్పగించి, తను పైకి వెళ్లినందుకు.

ఆరు రోజులకు, ఎండకు ముక్కు మీద తోలు లేచిపోయి, నేనున్న కింది ఊరికి దిగొచ్చారు. రైలు ప్రయాణమంతా నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి నా తలుపు కొట్టారు.

"గైడ్‌కి చెప్పినందుకు సారీ చెప్పనమ్మా. మళ్లీ అట్టాగే అయితే మళ్లీ చెప్తాను. నీతో దిగకుండా పోయానే, అది తప్పే. కానీ అరవై మూడేళ్లమ్మా నాకు. మళ్లీ రాలేనని తెలుసు. వెళ్లాలనిపించింది. వెళ్లాను."

అంత నిజం నా మొహాన ఎవరూ చెప్పలేదు. "పని ఉన్నది టీచర్ గారూ" అని తలుపు వేసుకున్నాను.

ఆ తర్వాత ఎదురైనప్పుడల్లా ఆగి నిలబడేవారు. నేను దాటి వెళ్లిపోయేదాన్ని. కోపం తగ్గాక నేనే కిందికి వెళ్లి మాట్లాడతాననుకున్నాను. అంతవరకూ ఉంటారనే నమ్మాను.

సమాధుల తోటలో పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేశారు. ఆవిడ కూతురు నన్ను గుర్తుపట్టి, నా చేతిలోనూ మట్టి పెట్టింది. వానకు తడిసిన ఎర్రమట్టి, చల్లగా ఉంది. వేయలేకపోయాను. నా వెనక వరస ఆగిపోయింది. ఎవరో దగ్గారు. వేళ్ల సందుల్లోంచి ఎర్రనీరు మణికట్టు దాకా కారుతోంది. మూసిన గుప్పిట్లో మట్టి మెల్లగా వెచ్చబడుతోంది.