మామ చెనిక్కాయ చేలో కణాల వాన

నా పరువు పెనుకొండ దగ్గర ఒక చెనిక్కాయ చేలో, అంటే వేరుశనగ చేలో, పోయింది. ఎట్లా పోయిందో మా గైడు సారు సభ దొరికినప్పుడల్లా చెప్పి నవ్వించేవారు. నిరుడు ఆయన కూడా పోయారు. ఇక నా నవ్వులాటను నేనే మోసుకు తిరగాలి. ఇదెక్కడి న్యాయం చెప్పండి!

రెండువేల దశకం మొదట్లో నేను బెంగుళూరులో పరిశోధక విద్యార్థిని. ఆకాశం నుంచి రాలే కణాలను లెక్కపెట్టే పెట్టె ఒకటి తయారుచేశాను. విదేశంలో జరిగే పెద్ద ప్రయోగానికి సారు తన విద్యార్థుల్లో ఒక్కరినే పంపుతారు. ఆ ఒక్కడూ నేనే కావాలి. నగరంలో కరెంటు గోల నా లెక్కలను పాడుచేస్తోందని పెట్టెను మా మామ చేలోని గదికి తెచ్చాను. హిందూపురంలో కొన్న బ్యాటరీతో నడిపాను.

రోజూ పొద్దున ఒకే వేళకు అంకెలు ఎగిరేవి. కణాల జడివాన! పెనుకొండ బస్టాండు బూత్ నుంచి ఫోన్ చేశాను.

"సార్, ఇది ఎవరూ చూడనిది!"

"చుట్టుపక్కల కరెంటుతో నడిచేదేమైనా ఉందా?"

"ఏమీ లేదు సార్."

బోరు మోటారు ఉంది. దాని స్టార్టరు నా గది గోడకు అవతలే ఉంది. కానీ అది ఆటో, కరెంటు రాగానే తనంతట తానే వేసుకుంటుంది. మామ దాన్ని ముట్టుకోగా నేను చూడలేదు. ఎవరూ ముట్టుకోనిది పనిచేయదని నా శాస్త్రం!

మరుసటి వారమే సారు బస్సెక్కి వచ్చారు. పొద్దున్నే ముగ్గురం పెట్టె ముందు కూర్చున్నాం. వేళ దాటింది. పెట్టె మొద్దులా ఉంది.

"ఏమబ్బా, నీ వాన యాడ?" అన్నాడు మామ.

"వస్తాది, ఉండు మామా."

మధ్యాహ్నం సంగటి తింటుండగా అంకెలు ఎగిరాయి. కాసేపటికి బయట కాలువలో నీళ్ళు పారాయి. సారు చేతిలో ముద్దతోనే కిటికీ దగ్గరికి నడిచారు.

"ఇప్పుడు నీళ్ళెట్లా వచ్చాయండీ?"

"ఈ వారం మాకు కరెంటు మధ్యాన్నం సార్. పోయిన వారం పొద్దున ఇస్తాండిరి."

నా ఆవిష్కరణను వారానికోసారి అటూ ఇటూ జరిపే అధికారం ఆ కరెంటువాళ్ళకు ఎవరిచ్చారు?

"ఆ మోటారు ఆపు మామా!" అని అరిచాను.

"ఏందప్పా! నీ ఆకాశం కోసరం నా చెనిక్కాయ ఎండబెట్టాల్నా?"

సారు నవ్వి నవ్వి పొలమారారు. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సు దగ్గర ఆయన నా భుజం తట్టారు.

"నిన్నే పంపిస్తాను. మిగతావాళ్ళు ఇంకా మోసపోలేదు. అక్కడికెళ్ళి మోసపోతే ఖర్చెక్కువ."

ఇట్లాంటి కారణంతో ఉద్యోగ జీవితం మొదలైనవాడు ఇంకెవడైనా ఉన్నాడా? అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: భూమ్మీద అందరినీ విచారించనిదే, ఆకాశం మీద ఇక ఏ నేరమూ మోపను.