ఊరికే ఇచ్చినోడు ఊరుకోడన్న మా పిన్ని

మా పిన్ని పోయిందన్న కబురు నాకు ఆవిడ నంబరు నుంచే వచ్చింది. "అమ్మ ఈ పొద్దున్న మనల్ని వదిలి వెళ్ళిపోయింది" అని ఒక్క ముక్క, కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ. చదవగానే నాకు ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది. ఎవడో ఆవిడ ఫోనులో దూరేడనుకున్నాను. కాసేపాగితే ఖర్చులకి డబ్బు పంపమని ఇంకో మెసేజి వస్తుందనుకున్నాను. అందుకే జవాబివ్వలేదు, ఆ నంబరుకి ఫోనూ చెయ్యలేదు. అనుమానం వచ్చిన దారిలోనే వెళ్ళి దాన్ని తీర్చుకోకూడదని, వేరే దారి పట్టాలని నాకు నేర్పింది పిన్నే. వాళ్ళ పక్కింటావిడకి చేసేను. ఆవిడ హలో అనలేదు, ఏడ్చింది. అప్పుడు నమ్మేను.

పిన్ని కొడుకు, అంటే మా తమ్ముడు, తర్వాత చెప్పేడు. "చుట్టాల నంబర్లన్నీ అమ్మ ఫోనులోనే ఉన్నాయక్కా. అందుకే దాన్నుంచే పంపేను." నేను వాడి మెసేజిని మోసం అనుకున్నానంటే, ఏడుస్తున్నవాడు కాస్తా నవ్వీసేడు. "అమ్మ వింటే మెచ్చుకుంటాది" అన్నాడు.

మీలో చాలామందికి ఆవిడ తెలీదు. బరంపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరైన మనిషి. ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటలు గంటలు ఎదురుచూసే రోజుల్లో చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని కూచునేది. "తెలుగులో విన్నాను, ఒడియాలో విన్నాను, హిందీలోనూ విన్నాను. ఏ భాషలో అయినా అబద్ధం ఒకలాగే ఉంటాదే. ముందు గొంతు తీపి సేసుకుంటాది" అనేది. తీపి గొంతు వినబడితే చాలు, ఆవిడ కళ్ళు చిన్నవైపోయేవి. కూరగాయల బండివాడు "మౌసీ", అంటే పిన్నీ, అని కాస్త సాగదీసి పిలిస్తే ఆవేళ వంకాయలన్నీ ఒక్కొక్కటీ తిప్పి చూసేది.

అలాంటి మనిషి ముసలితనంలో కంప్యూటరు ఆటల్లో పడుతుందని ఎవరనుకుంటారు? ఆ కంప్యూటరు తమ్ముడిది. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాడు. మోజు పడి ఆటలకి పనికొచ్చే పెద్ద మిషను కట్టించుకున్నాడు. పిల్ల పుట్టేక దాని ముందు కూచునే తీరిక లేకపోయింది వాడికి. బాబాయి లేని ఇల్లు, రిటైరైన పగళ్ళు. ఒకరోజు పిన్ని దుమ్ము తుడవడానికి కుర్చీలో కూచుంది. మరి లేవలేదనే చెప్పాలి. జీవితంలో సైకిలైనా తొక్కని మనిషి, లారీ నడిపే ఆట పట్టుకుంది. పక్కన మూఢీ, అదే మరమరాల గిన్నె, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు, తెర మీద మంచు పడుతున్న ఏదో దేశపు ఘాట్ రోడ్డు. ఆటలో కూడా పచ్చలైటు పడగానే కదిలేది కాదు. అటూ ఇటూ చూసేది. "నాకు పచ్చలైటు ఇచ్చేడు సరే. ఆ పక్కోడు ఆగుతాడని నమ్మకమేటి?" అనేది.

ఆటలు అమ్మే చోట పండగ తగ్గింపులు వస్తాయి కదా, వాటిని చూసే పద్ధతే వేరు ఆవిడది. కావలసిన ఆట మీద ముందునుంచే కన్నేసి ఉంచేది. తగ్గింపు వచ్చేముందు ధర పెంచి, ఆనక తగ్గించేమని ఎర్ర అక్షరాల్లో వేసే అమ్మకందార్లని ఇట్టే పట్టేసేది. పక్కన గడియారం ఒకటి పెట్టి ఇంకా ఇంత సేపే అని తొందరపెడితే ఆ పేజీ మూసీసేది. "మంచి సరుక్కి తొందరేటే? తొందర దొంగోడికి" అని.

ఇక ఉచిత ట్రయల్ అంటే ఆవిడకి పామును చూసినట్టే. కొన్నాళ్ళు ఊరికే ఆడుకోండి, నచ్చకపోతే మానీయండి అంటారు, కింద కార్డు నంబరు అడుగుతారు. "ఊరికే అన్నోడికి కార్డెందుకు?" ఇదే ఆవిడ మొదటి ప్రశ్న. అలాగని ట్రయల్స్ వదిలేది కాదు. కార్డు అడగనివి ఏవో వెతికి పట్టుకుని, ఆఖరు క్షణం దాకా ఆడి, గడువుకి ముందే రద్దు చేసి, రద్దయినట్టు వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వస్తేగానీ నిద్రపోయేది కాదు. నేను నవ్వితే నా నెత్తి మీద మొట్టి, "ఊరికే ఇచ్చినోడు ఊరుకోడే పిల్లా" అనేది. ఆ మాట ఇప్పుడు మా ఇంట్లో సామెత.

సామెత కావడానికి కారణం మా ఆయన. మేం ఆస్కా రోడ్డులో ఉంటాం. బరంపురం పట్టుచీరలు ఆన్‌లైన్లో అమ్ముతాం. ఆర్డర్లు, కొన్నవాళ్ళ చిరునామాలు, చీరల ఫోటోలు అన్నీ ఇంట్లో ఒక్క కంప్యూటర్లోనే. మా ఆయనకి ఫుట్‌బాల్ ఆట పిచ్చి. ఎవరో గ్రూపులో లింకు పెట్టేరట, కొత్త ఆట ఉచిత ట్రయల్ అని. దింపుకుని ఆడుకున్నారు, బాగానే ఉందన్నారు. ఆ ఆదివారం పిన్ని మా ఇంటికి భోజనానికి వచ్చింది. పప్పన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ చెయ్యి ఆపేసింది.

"అల్లుడుగారూ, ఏటనుకోకండి. మీరు ఆట మూసీసేరు కదా?"

"ఎప్పుడో మూసేనండీ."

"మరి ఆ ఫ్యానెవరి కోసం తిరుగుతోంది?"

అప్పుడు విన్నాం మేం. పక్కగదిలో కంప్యూటరు ఫ్యాను హోరుమని అరుస్తోంది. తెర మీద మాత్రం ఏమీ లేదు. పిన్ని ఎడమచేత్తో ఇంటర్నెట్ వైరు లాగీసి, ఎంగిలి చెయ్యి అలా గాల్లోనే ఉంచి, లోపల ఏయే ప్రోగ్రాములు పనిచేస్తున్నాయో చూపించే కిటికీ తెరవమంది. ఎవరికీ తెలీని పేరొకటి మిషను బలమంతా తాగుతోంది. ఆ ఆటతోపాటే వచ్చి కూచున్న దొంగ ప్రోగ్రాము అది. మా ఆయన ముఖం ఎర్రబడింది. "గ్రూపులో అందరూ ఆడుతున్నారు కదండీ, ఏం కాదు" అన్నారు. పిన్ని వాదించలేదు. ఆ మిషను ముట్టుకోకుండా వేరే ఫోనులోంచి మా దుకాణం పేజీకి పాస్‌వర్డు మార్పించింది. మర్నాడు పొద్దున్నే ఎవరో పాత పాస్‌వర్డుతో మా పేజీలోకి రావడానికి ప్రయత్నించేరని మెసేజి వచ్చింది. మా ఆయన అది చదివి, చెప్పులేసుకుని తిన్నగా పిన్ని ఇంటికెళ్ళేరు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు చెప్పలేదు.

ఇంతవరకూ వింటే ఆవిడ అనుమానాలన్నీ నిజమయ్యేవనిపిస్తుంది. అన్నీ కాలేదు. నేను నిజానికి చెప్పాలనుకున్నది, కాకుండాపోయిన ఒకదాని గురించి.

గిరి రోడ్డు పక్క సందులో ఒక ఒడియా అబ్బాయి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం కొత్తగా పెట్టేడు. పిన్ని మిషను బాగా వేడెక్కుతోందని, శుభ్రం చెయ్యడానికి అతనికిచ్చేరు. పని అయ్యేక ఆవిడే ఆటోలో ఇంటికి తెచ్చుకుని, వైర్లన్నీ తనే కలుపుకుంది. ఆట తెరిస్తే లారీ కదలదు. కదిలితే కుదుపు. మలుపు తిరిగేలోపు బొమ్మ ఆగిపోయి, లారీ లోయలో ఉండేది. అదివరకు నూనె పోసినట్టు సాగిన ఆట.

తమ్ముడు ఒక్క క్షణం ఆలోచించలేదు. "గ్రాఫిక్స్ కార్డు మార్చీసేడమ్మా. మంచిది తీసుకుని పాతది ఏదో పెట్టీసేడు. ఇలాంటోళ్ళు అందరూ ఇంతే." వాళ్ళ వీధికంతటికీ ఒక ఫోను గ్రూపుంది. దుకాణం బోర్డు ఫోటో పెట్టి, కింద దొంగ అని రాసి, పంపడానికి సిద్ధమైపోయేడు. నేనూ అక్కడే ఉన్నాను. పిన్ని వాడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

"నువ్వు నమ్మట్లేదా?" అన్నాడు తమ్ముడు.

"నీకంటే నాకే ఎక్కువ అనుమానం. ఇచ్చినప్పుడు వాడి గొంతు తీపిగానే ఉంది. కానీ అనుమానం ఇంట్లో ఉంచుకునేదిరా. రుజువయ్యేకే అది గుమ్మం దాటాలి."

ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ ఆట ఆడలేదు, మిషన్నే విచారించింది. కార్డు పేరు చూసింది. పాత పేరే ఉంది. పేరు మార్చి మోసం చేసేవాళ్ళుంటారని ఎక్కడో చదివి, దాన్నీ నమ్మలేదు. మూత విప్పించి, బాగుకి ఇచ్చేముందు తీసిపెట్టుకున్న ఫోటోతో పోల్చింది, అదే కార్డు. వేడి చూసింది, తక్కువే. ఆటలో నీడలు తగ్గించి చూసింది, బొమ్మ నాణ్యత తగ్గించి చూసింది. తమ్ముడు అన్నీ కలిపి ఒకేసారి మార్చబోతే చేతిమీద కొట్టింది. "ఒకేసారి రెండు మార్చకు. బాగైనా ఎందుకు బాగైందో తెలీదు." ఎక్స్ఛేంజీలో లైను చెడిపోతే ఒక్కో ముక్కా విడదీసి చూసే అలవాటది.

ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆవిడ బల్ల కింద దూరి ఉంది. టార్చి వెలుగులో వెనకవైపు చూస్తోంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి నేలమీదే కూచుని, "నానేనే" అంది.

తెర నుంచి వచ్చే వైరుని గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. దానికి కొంచెం పైన అచ్చం అలాంటి కన్నమే మరోటి ఉంటుంది. అందులో పెడితే బొమ్మ వస్తుంది గానీ కార్డు ఊరికే కూచుంటుంది, భారమంతా మిషనులో ముందునుంచే ఉండే చిన్న చిప్పు మీద పడుతుంది. ఇంటికి తెచ్చిన రోజు ఆవిడే ఆ పై కన్నంలో పెట్టింది. మార్చి పెట్టగానే లారీ నూనె పోసినట్టు సాగిపోయింది. ఆవిడ మాత్రం తెరవైపు చూడలేదు. చీర మార్చుకుంది.

"ఎక్కడికి పిన్నీ?"

"దుకాణానికి. నువ్వూ రా."

"అతనికేం తెలీదు కదా! నువ్వేమీ అన్లేదు, తమ్ముడూ ఏమీ పెట్టలేదు."

"వాడికి తెలీదు. నాకు తెలుసు కదే."

దుకాణంలో ఆ అబ్బాయి ఎవరిదో కీబోర్డు విప్పుకుని ఉన్నాడు. పిన్ని నిలబడే చెప్పింది, సగం ఒడియాలో, సగం తెలుగులో. "బాబూ, నువ్వు నా కార్డు మార్చీసేవనుకున్నాను. ఇన్నాళ్ళూ నువ్వు దొంగవనే అనుకున్నాను. నువ్వు మార్చలేదు. తప్పు నాది."

అతను మా ఇద్దరి వంకా చూసేడు. ఇదేదో కొత్తరకం గొడవేమో అని భయం అతని ముఖంలో కనిపించింది. నా వైపు తిరిగి, మెల్లిగా, నిజమేనా అన్నట్టు తలూపేడు. నేనూ ఊపేను. అప్పుడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టేడు.

"అనుకునేవాళ్ళు చాలామందే మౌసీ. ఇక్కడ నిలబడి నా చేతుల వైపే చూస్తుంటారు, నాకు తెలుస్తుంది. కాదని తేలేక వచ్చి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు" అన్నాడు. గొంతు తీపిగా లేదు.

ఆ తర్వాత పిన్ని మారిపోయిందనుకుంటారేమో. ఏం మారలేదు. మళ్ళీ అతని దగ్గరికే ఇచ్చేది, మళ్ళీ ఇంటికి తెచ్చి ప్రతి స్క్రూ లెక్క చూసేది. "మంచోడే. అయినా సూసుకోవాలి" అనేది. అతనికీ అది తెలుసు. నవ్వేవాడు.

ఈ ఏడు ఆవిడకి ఆయాసం మొదలైంది. మేడమెట్లెక్కితే కూచుండిపోయేది. గుండె బాగా బలహీనపడిందన్నారు డాక్టర్లు. పిన్ని నమ్మలేదు. రిపోర్టులు ఇంకోచోట చూపించింది, మరోచోట చూపించింది. "గుండె పేరు చెప్పి భయపెట్టడం సులువే" అంది. అందరూ ఒకేమాట చెప్పేరు. ఎవరి గొంతులోనూ తీపి దొరకలేదు ఆవిడకి. ఆఖరి రిపోర్టు పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కాసేపు కూచుంది. "సర్లే. ఈళ్ళు నిజమే సెప్తన్నారు" అంది. ఆవిడ ఓడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నా చెయ్యి పట్టుకోలేదు, నేనే పట్టుకున్నాను.

ఆవిడ కాస్త తేరుకున్న రోజుల్లో ఒక సాయంత్రం గోపాలపూర్ వెళ్దామంది. సముద్రం కొంచెం పోటు మీదుంది. నేను పాదాలు తడిస్తే చాలనుకున్నాను. ఆవిడ ఇంకా లోపలికి, నా చెయ్యి పట్టుకుని వెళ్తానంది. అక్కడ ఒడ్డున ఒకావిడ గవ్వల దండలు అమ్ముకుంటోంది. మేం అంతకు ముందెన్నడూ చూడని మనిషి. పిన్ని ఆవిడ దగ్గరికి వెళ్ళి చేతిసంచీ ఇచ్చింది. ఇంటి తాళాలు, ఫోను, డబ్బు అన్నీ ఆ సంచీలోనే. చెప్పులు విప్పి ఇచ్చింది. కళ్ళజోడు తీసి అదీ ఇచ్చింది.

"పిన్నీ, ఆవిడెవరో నీకు తెలుసా?"

"తెలీదే. పద, అల ఎల్లిపోతంది."

చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, కళ్ళజోడు లేని కళ్ళతో, ఏదీ సరిగ్గా కనిపించకపోయినా నీళ్ళలోకి నడిచింది. వెనక్కి తిరిగి చూసింది నేనే. ఒడ్డున ఆ మనిషి తన దండలు ఇసకలో వదిలేసి లేచి నిలబడింది. సంచీ గుండెకి హత్తుకుని, చెప్పులు ఒక చేత, కళ్ళజోడు ఇంకో చేత నీళ్ళు తగలకుండా ఎత్తి పట్టుకుని, కదలకుండా మా వైపే చూస్తోంది. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చేయి. పిన్ని ఇంకో అడుగు వేసింది.