తల వాలితే దెబ్బ

మూడు వేళ్లు. ఒక పెద్దవయసు మనిషి కుడిచేతివి. చూపుడువేలు మొదలుకొని ఉంగరపు వేలు దాకా, ఒక్క దెబ్బకు, ఎర్రగా కాలిన ఇనుపదిమ్మకూ సమ్మెట ముఖానికీ నడుమ నలిగి, కమిలి, రూపు లేకుండా పోయాయి. కొలిమిశాల ప్రమాద నివేదికలో ఈ సంగతి నాలుగో పంక్తిలో ఉంది. ఐదో పంక్తిలో, ఎవరూ నోరు వాసన చూడకుండా, ఎవరూ రక్తం తీసి పరీక్షించకుండా, “పట్టకారు మనిషి మద్యం మత్తులో ఉండెను” అని రాసి, కింద ముగ్గురు సంతకాలు చేశారు. ఆ పట్టకారు మనిషి పుట్టి బుద్ధెరిగి చుక్క మందు నాలుకమీద వేసుకున్నవాడు కాడు.

అతన్ని అందరూ పట్టకారు అనే పిలిచేవారు. కాలిన దిమ్మను కొలిమిలోంచి లాగి, సమ్మెట కిందున్న దాగలిమీద నిలిపి, దెబ్బదెబ్బకూ తిప్పే పని ఇరవై ఆరేళ్లుగా అతనిదే. గొట్టంలోంచి వచ్చే గాలితో నడిచే ఆ సమ్మెట మోగుతున్నప్పుడు చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినబడదు. అందువల్ల ఆ షెడ్డులో పాతవాళ్ల కాలం నుంచీ ఒకటే కట్టుబాటు: పట్టకారు పట్టినవాడు తల ఊపితే దెబ్బ పడాలి. సమ్మెటను దించే కాలిమీట దగ్గర నిలబడేవాడు దిమ్మను చూడడు, చేతులను చూడడు, ఆ తలనొక్కదాన్నే చూస్తాడు. ఆ మీట దగ్గర పదకొండేళ్లుగా ఉన్నది అతని బావమరిది. దెబ్బకూ దెబ్బకూ నడుమ చెయ్యి లోపలికి పెట్టి, ఇనుముమీద రేగే పెచ్చులను పొట్టి తీగచీపురుతో ఊడ్చేవాడు మూడోవాడు. వయసు చూసి అతన్ని పెద్దాయన అనేవారు.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు పెద్దాయన చెయ్యి లోపల ఉంది. పట్టకారు తల ముందుకు వాలింది. బావమరిది మీట తొక్కాడు.

అరుపు ఎవరికీ వినబడలేదు. రక్తం కాలిన ఇనుముమీద పడి పొగలెగరడం మాత్రం అందరూ చూశారు. సమ్మెట ఆగేసరికి బావమరిది గెంతుకుంటూ వచ్చి, చేతిలో ఉన్న రెంచీతో పట్టకారు దవడమీద కొట్టాడు. పన్ను ఊడి రక్తంతో బయటికి వచ్చింది.

“పెద్దాయన చెయ్యి లోపలుంటే ఊపుతావా బావా! కళ్లు పోయాయా నీకు?”

“నేను ఊపలేదురా!”

“ఊపలేదా? ఈ రెండు కళ్లతో చూశాను! టపీమని పడింది నీ తలకాయ!”

మళ్లీ కొట్టబోతే నలుగురు పట్టుకున్నారు. ఆ నలుగురిలో ఇద్దరు, పట్టుకున్నట్టే పట్టుకుని, పట్టకారు డొక్కలో తలా ఒక తన్ను తన్నారు.

ఇంటికి చేరిన భర్త ముఖాన్ని తడిగుడ్డతో తుడుస్తూ అతని భార్య ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “తల పడిందన్నాడా, మా తమ్ముడు?”

“అన్నాడు.”

“అయితే అది ఊపడం కాదండీ. నిద్ర. కంచం ముందు కూర్చుని కూడా అలాగే పడతారు మీరు.”

ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్లుగా ఆ గదిలో ఆమె పక్కన జరుగుతున్నది నిద్ర కాదు, గొంతు పిసుకుడు. పిసికే చేతులు మాత్రం కనబడవు. గురక రంపంలా సాగి సాగి, చటుక్కున తెగుతుంది. ఛాతీ ఎగురుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. ఆమె ఇరవై దాకా లెక్కపెడుతుంది, ముప్పై దాకా లెక్కపెడుతుంది, ఇక ఉండలేక పిడికిలి బిగించి డొక్కలో గుద్దుతుంది. అతను నీళ్లలోంచి తేలినవాడిలా గుర్రుమని ఊపిరి లాగి, కళ్లు తెరవకుండానే చెయ్యి విసురుతాడు. ఆ చెయ్యి ఇనుము తిప్పే చెయ్యి. ఒకసారి ఆమె పెదవి చిట్లింది. ఒకసారి మెడ దగ్గరి ఎముక విరిగింది. తెల్లారి అతనికి ఒక్కటీ గుర్తుండేది కాదు, రాత్రి పోయిన నిద్ర మాత్రం పగలు ముంచుకొచ్చేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమె ముఖం చూసి, “మొగుడు చెయ్యి చేసుకునే మనిషి” అని తీర్పు చెప్పేశారు. గురక అంటే నవ్వులాట అనుకునే లోకం ఇది. ఆ నవ్వులాట ఖరీదు ఒక ముసలివాడి మూడు వేళ్లు.

యాజమాన్యం అతన్ని యార్డులో తుక్కు మొయ్యడానికి పంపింది. భార్య పోయి మొత్తుకుంటే, మత్తు కాదు జబ్బేనని, అది నయమైందని ఏడాదిలోగా కాగితం తెస్తే సరే, లేదంటే మళ్లీ దాగలి ముఖం చూడనక్కర్లేదని రాసిచ్చింది. తుక్కుబుట్ట నెత్తిన పెట్టుకుని షెడ్డు పక్కనుంచి పోయేటప్పుడల్లా లోపల పడే ప్రతి దెబ్బా అతని పుర్రెలోనే పడేది.

ఆసుపత్రిలో ఒంటినిండా తీగలు అంటించి నిద్రపుచ్చి చూశారు. గంటకు యాభై రెండుసార్లు ఊపిరి ఆగుతోందని నివేదిక వచ్చింది. డాక్టరమ్మ ఒక చేత్తో ఆ నివేదిక పట్టుకుని, ఇంకో చేత్తో ముక్కుమీద పెట్టుకునే మాస్కూ దానికి గాలి పంపే డబ్బా చూపించింది.

“అదొద్దండీ. కోసి పారెయ్యండి. ఒక్క దెబ్బతో పోవాలి.”

“ఒక్క దెబ్బకు మీ ఇనుము సాగుతుందా?”

అతను ఆ మాస్కును పక్కకు నెట్టాడు.

“వినండి. ఈ మిషను పెట్టుకున్నంతసేపూ పనిచేస్తుంది. తీసి పక్కన పెడితే ఉత్త డబ్బా. చాలామంది అలాగే పక్కన పెట్టేస్తారు. ఆపరేషను కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి సగమే, కొందరికి అసలు లేదు. మీ టాన్సిల్స్ పెద్దవి కాబట్టి కొంత ఆశ ఉంది. కానీ మీకు నాలుక వెనకాల కూడా దారి మూసుకుపోతోంది. అందుకే ముందు మిషను అంటున్నాను.”

పదకొండు రోజులు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడనడం కన్నా కుస్తీ పట్టాడనడం సబబు. ఏ రోజు ఎంతసేపు వాడాడో డబ్బా దానంతటదే రాసుకుంటుంది. ఆ చీటీలో ఒకరోజు గంటా పది నిమిషాలు, మర్నాడు నలభై నిమిషాలు, ఆ తరువాత సున్నా. పన్నెండో రోజు, పొద్దుటి పని ముగించుకొచ్చి మధ్యాహ్నం మాస్కు పెట్టుకుని కునుకు తీసినవాడు, ఎవరో దిండుతో ముఖం నొక్కుతున్నారని కేకవేసి లేచి, మాస్కును పీకి గోడకు విసిరికొట్టాడు. పగిలిన ప్లాస్టిక్ ముక్క ఎగిరి భార్య చెంపను చీల్చింది.

“ఇంకా కొట్టండి!” అంది ఆమె, రక్తం కారుతుండగానే. “ఈసారి మెలకువలోనే కొట్టారుగా. గుర్తుంటుంది!”

పట్టుబట్టి ఆపరేషను చేయించుకున్నాడు. టాన్సిల్స్ తీసి, అంగిలి వెనకాల కొంత కోసి కుట్టారు. మింగే ప్రతి గుటకా నిప్పుకణికే అయింది. ఆరో రోజు పొద్దున నోరు వెచ్చగా నిండింది, ఉమ్మితే నెత్తురు. బేసిను సగం దాకా నెత్తురు. ఆటోలో ఆసుపత్రికి పోతున్నంతసేపూ భార్య అతని తలను కిందికి వంచి పట్టుకుని, డ్రైవరును నోటికొచ్చిన తిట్లు తిట్టింది. అక్కడ గొంతులో నెత్తురు కారే చోటును కాల్చి ఆపారు.

మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేశారు. గంటకు ఇరవై నాలుగు.

“సగమైనా తగ్గింది కదండీ,” అంది భార్య.

“సగమంటే ఏంటే? పెద్దాయనవి మూడుకు బదులు ఒకటిన్నర వేలు పోయేదనా?” అని, ఆ కాగితాన్ని ఉండచుట్టి విసిరాడు. ఆమె తీసి, సాపు చేసి, మిగతావాటితో పాటు రేకుపెట్టెలో పెట్టింది.

ఏడాదిలో ఇక ఐదు నెలలు మిగిలాయనగా పెద్దాయన పట్టకారు ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపినా కూర్చోలేదు. చొక్కా గుండీలన్నీ విప్పేసుకుని, పట్టకారు ముందు నిలబడి, కుడిచేతికి మిగిలిన బొటనవేలితోనూ చిటికెనవేలితోనూ మొదటి గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. గుండీ జారింది. మళ్లీ జారింది. పట్టకారు ముఖం తిప్పుకున్నాడు.

“ఇటు చూడరా. చూడమన్నానా!”

చూశాడు. ఐదు గుండీలకు పావుగంట పట్టింది.

“రోజూ పొద్దున్నే ఇదీ నా యుద్ధం. నీకు మూతికి ముసుగు కట్టుకోవడం బాధైపోయిందా? సిగ్గులేదూ? చెప్పు, గొట్టంలో గాలి పోతే మన సమ్మెట ఏమవుద్ది?”

“లేవదు. దాగలిమీద కూలబడుద్ది.”

“నీ గొంతు కూడా అదే. గాలి పెట్టి నిలబెట్టాలి. నీకు తెలిసిన పనే కదరా, ఎదవా!”

డాక్టరమ్మ అతని దవడ కొలత తీసి వేరే మాస్కు ఇచ్చింది. కోసిన గొంతుకు ఇప్పుడు మునుపటికన్నా తక్కువ గాలి చాలుతుందని డబ్బాను సవరించింది. మొదటివారం రోజులూ మధ్యాహ్నం కునుకు వేళ పెద్దాయన మంచం పక్కన కూర్చున్నాడు. పట్టకారు చెయ్యి మాస్కు మీదికి పోయినప్పుడల్లా ఆ రెండు వేళ్ల చెయ్యి దాన్ని ఠపీమని కొట్టింది. రెండోవారం కొట్టాల్సిన అవసరం రాలేదు.

తొంభై రోజుల చీటీ వచ్చింది. ఎనభై ఎనిమిది రోజులు, రోజుకు సగటున ఏడు గంటలు. ఊపిరి ఆగడం గంటకు మూడు. మేనేజరు దాన్ని చదివి, తిరిగి దాగలి దగ్గరికి పొమ్మని సంతకం పెట్టాడు. మరి ఐదో పంక్తి మాటేమిటని భార్య అడిగితే, “నివేదిక నివేదికేనమ్మా” అని నిద్ర పరీక్ష నకలును దాని వెనకాల గుండుసూదితో గుచ్చాడు. ఒక అబద్ధం వెనక ఒక నిజాన్ని గుచ్చి ఉంచడమే న్యాయం అనుకునే కార్యాలయాలు ఇంకా ఉన్నాయి.

షెడ్డులో బావమరిది మీటమీద కాలు పెట్టలేదు.

“కాగితం బాగుంది బావా. కానీ నీ తల ఊగితే మాత్రం నా కాలు పడదు. నావల్ల కాదు.”

“ఊపను. ఇక ఇక్కడ ఎవడూ తల ఊపడు.” పట్టకారు ఎడమ మోచేతిని భుజం ఎత్తుకు లేపాడు. “ఇది లేస్తేనే దెబ్బ. నిద్రొస్తే తల వాలుతుంది గానీ ఇది లేవదు. మనం ఇన్నాళ్లూ నమ్మింది పడిపోయే దాన్నిరా.”

కొలిమిలోంచి దిమ్మ వచ్చింది. పెద్దాయన బారెడు పిడి వేయించుకున్న కొత్త చీపురుతో, ఎడంచేత్తో, దూరం నుంచే పెచ్చులు ఊడ్చి వెనక్కి జరిగాడు. మోచెయ్యి లేచింది. దెబ్బ పడలేదు. పసుపుపచ్చని దిమ్మ నారింజకు తిరిగింది, నారింజ ఎరుపుకు దిగుతోంది. మోచెయ్యి లేచే ఉంది. బావమరిది పెద్దాయనకేసి చూశాడు.

పెద్దాయన ఆ రెండు వేళ్ల చేతిని పైకెత్తాడు.

షెడ్డు అదిరేలా దెబ్బ పడింది.